మజ్జిగలో చేపల ఐసు

మాది తాడేపల్లిగూడెం. ఉల్లిపాయల బస్తాల మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి నా కళ్ళలో నీళ్ళు చూసి ఎవరూ జాలిపడేవారు కాదు. నాన్నగారిది కిరాణా కొట్టు. మిరియాల్లో బొప్పాయి గింజలు ఎవరు కలుపుతారో, కందిపప్పులో ఏ పప్పు కలుస్తుందో అక్షరాలు దిద్దక ముందే విన్నాను. అలాంటి ఇంట్లో పుట్టి ఫుడ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగంలో చేరాను. “కొట్టువాడి కొడుకు చివరికి కొట్లమీదే పడ్డాడు” అని బజారులో నవ్వుకున్నారు. నాన్నగారు మాత్రం ఒకటే అడిగారు.

“తూకాలు నువ్వు చూడవుగా?”

“అది వేరే శాఖ నాన్నగారూ.”

“అయితే పర్వాలేదు.”

ఆయన ఎందుకు ఊపిరి పీల్చుకున్నారో నేను అడగలేదు. తండ్రీకొడుకుల మధ్య కొన్ని శాంపిళ్ళు తీయకూడదు.

అది వేరే శాఖ అన్న మాటను ఆ రోజు ఎంత తేలిగ్గా అన్నానో, తర్వాత అంత బరువుగా మోశాను. పొద్దున్నే గూడెంలో పాసింజరు ఎక్కి ఏలూరు వెళ్ళేవాణ్ణి. ఆఫీసంటే ఒక గది, తలుపు సరిగ్గా పడని ఒక బీరువా, శాంపిల్ సీసాలు, లక్క, కొవ్వొత్తి. ఉద్యోగం పుణ్యమా అని ఇంట్లో కంచం ముందు కూర్చున్నా ముందు వాసన చూసే అలవాటు పట్టుకుంది. “ఏవండీ, అనుమానముంటే సీలు వేసి లాబుకి పంపండి, అన్నం చల్లారిపోతోంది” అనేది మా ఆవిడ.

మా పనిలో అన్నిటికన్నా చిక్కు చేప. చెరువులో ఈదుతున్నంతసేపూ అది మత్స్యశాఖది. చెరువులోకి వచ్చే నీళ్ళు డ్రైనేజీ వాళ్ళవి. చెరువు తవ్విన నేల రెవెన్యూ వాళ్ళది. సంతలో తట్టకెక్కితే పంచాయతీది, పట్నం మార్కెట్టుకొస్తే మున్సిపాలిటీది. బతికున్నప్పుడు ఇంతమంది బంధువులున్న చేప, వేగి ప్లేటులో నిమ్మచెక్క పక్కన పడుకున్నాక అనాథలా నా దగ్గరికి వచ్చేది. తిన్నవాడికి ఏమైనా అయితే జవాబు చెప్పాల్సింది నేను.

కొల్లేట్లో అక్రమ చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించిన తర్వాత, శాఖలన్నీ కలిసి పనిచేయాలన్న మాట ఆఫీసుల్లో బాగా వాడుకలోకి వచ్చింది. గట్లు కొట్టడానికి కలిసినవాళ్ళు ఇంకోదానికి కలవలేరా అని పైవాళ్ళకి తోచినట్టుంది. ఆహారం విషయంలో జిల్లాకి ఒక సమన్వయ సంఘం వేసి నన్ను కన్వీనరుని చేశారు. ఇన్ని శాఖలకి చెట్టు మొదలు నేనే అన్నమాట. గొడ్డలి పడేది మొదలుకే అన్న సంగతి అప్పటికి తట్టలేదు. మొదటి సమావేశంలో పరిచయాలు జరిగాయి. రెండో సమావేశంలో, మొదటిదానికి రానివాళ్ళ పరిచయాలు జరిగాయి. బిస్కట్లు మాత్రం రెండుసార్లూ అందరికీ అందాయి.

ఆ మరుసటి వేసవి గుడ్ ఫ్రైడే వెళ్ళిన శనివారం, పెదపాడు మండలంలో కొల్లేటి అంచున ఉన్న ఒక ఊరి నుంచి కబురు వచ్చింది. చర్చిలో మజ్జిగ తాగినవాళ్ళకి రాత్రి నుంచీ వాంతులు, విరేచనాలు. పిల్లల్ని, ముసలివాళ్ళని ఏలూరు పెద్దాసుపత్రికి తెచ్చారు. వరండాలో కూడా పడుకోబెట్టి సెలైన్లు ఎక్కించారు. ఎవరూ పోలేదు. ఆ మాట దేవుడికి దణ్ణం పెట్టే చెప్తున్నాను. కానీ మా ఆఫీసుల్లో మనిషి పోతేనే ఫైలుకి కాళ్ళొస్తాయి. అందరూ బతికి ఇళ్ళకు నడిచి వెళ్ళారు గనక ఫైలు ఉన్నచోటే కూర్చుంది.

నేను సీసాల సంచీతో ఆ ఊరు వెళ్ళాను. ఊరి చివర దళితుల పేటలో దొరల కాలంలో కట్టిన చర్చి, ఎత్తైన పెంకుల కప్పు, సున్నం కొత్తగా వేసిన గోడలు. పాస్టరుగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. రాత్రంతా ఆసుపత్రిలో నిలబడి వచ్చిన మనిషి. అయినా నాకు కుర్చీ వేయించి, ముఖం కడుక్కోవడానికి నీళ్ళు ఇప్పించాకే తాను కూర్చున్నారు.

“ఏం పెట్టేరండీ నిన్న?”

“ఏం లేదండీ. ఉపవాసం కదండీ. మూడింటికి ఆరాధన అయ్యాక మజ్జిగిస్తామండీ. మా తాతల నుంచీ అదే అలవాటు.”

“పెరుగెక్కడిది?”

“పేటలో ఇంటింటా తోడెట్టి తెచ్చిందేనండీ. నీళ్ళు బోరింగువి. అల్లం, ఉప్పు, కరేపాకు. అంతేనండీ. ఐసొకటి.”

“ఐసో?”

“అది మటుకు మంచి సరుకండీ. చేపల ఐసు.”

ఆయన ఆ మాట ఎంత గర్వంగా అన్నారంటే, నేను పెన్ను కింద పెట్టేశాను.

కొల్లేటి ఊళ్ళ సంగతి తెలియనివాళ్ళకి ఇది చెప్పాలి. అక్కడ ఐసు అంటే చేపల కోసం పుట్టిందే. కైకలూరులో ఫ్యాక్టరీలో దిమ్మలు పోస్తారు, లారీలో ఊక పరిచి వేసుకుంటారు, చెరువుగట్టు మీద చెక్కసుత్తితో చితక్కొట్టి చేపల మీద చల్లుతారు. తాగడానికి కాదు కాబట్టి ఫ్యాక్టరీ వాళ్ళు దగ్గర్లో ఏ కాలవ పారితే ఆ నీళ్ళే తోడతారు. ఇందులో దాపరికం లేదు. అయితే అదే లారీ పెళ్ళింటి ముందు ఆగుతుంది, సమర్తింటి ముందు ఆగుతుంది, తిరణాల్లో నిమ్మసోడా బండి దగ్గర ఆగుతుంది. అందులోంచి ఒక దిమ్మ దింపించడం ఆ ప్రాంతంలో పెద్దమనిషి తరహా. ఆ ఊరి చేపల షావుకారు ఏటా గుడ్ ఫ్రైడేకి పేట చర్చికి దిమ్మలు ఉచితంగా పంపేవారు. ఆయన హిందువు. పేటవాళ్ళు ఆ దిమ్మల్ని బహుమానంలా దించుకునేవారు.

మజ్జిగ కలిపిన గాబు అప్పటికే బూడిదేసి తోమి బోర్లించారు. శుభ్రం మీద పట్టింపు ఉన్న మనుషులు సాక్ష్యాన్ని కూడా శుభ్రంగా కడిగేస్తారు. మిగిలింది వేపచెట్టు నీడన గోనెపట్టా కింద, ఊకలో కూరుకుపోయిన ఒక ఐసుముక్క. దాని ఒంటికి ఒక చేపపొలుసు అంటుకుని ఎండకి మెరుస్తోంది. నేను దాన్ని సీసాలోకి తీస్తుంటే పక్కనే నిలబడ్డావిడ మెల్లిగా అంది.

“ఐసు కుళ్ళుద్దాండీ సారూ? చేప కుళ్ళకుండా ఏసేదే ఐసు కదండీ.”

ఆ మాటకి చుట్టూ ఉన్నవాళ్ళంతా తలూపారు. పాస్టరుగారు కూడా. నేనూ ఊపబోయి ఆపుకున్నాను. అన్నిటినీ కాపాడేది తానే చెడిపోతుందంటే ఎవరు నమ్ముతారు? నేను చట్టాన్ని నమ్మి బతికినవాణ్ణే కదా, నాకు అర్థమైంది.

ఆ అడిగినావిడే మజ్జిగ చేసిన మనిషి. మామూలు రోజుల్లో ఊరిబడిలో మధ్యాహ్న భోజనం వండేది. యాభై దాటి ఉంటాయి. నుదుటి మీద చెమట మోచేత్తో తుడుచుకునే అలవాటు. వంట చేసేవాళ్ళు చెయ్యి ముఖానికి తగలనివ్వరు. నేను సీలు వేస్తున్నంతసేపూ అక్కడే ఉండి, అందరూ వెళ్ళాక దగ్గరికొచ్చింది.

“సారూ, మీరేం రాత్తారో నాకు తెలవదండీ. నా చెయ్యి మంచిదేనని మటుకు రాయండి.”

“చెయ్యి నా సీసాలో పట్టదమ్మా,” అన్నాను. తేలిక పరుద్దామని అన్న మాట. ఆవిడ నవ్వలేదు.

“మీకు నవ్వులాటగా ఉంటదండీ. ఆ చెయ్యి బళ్ళో పెట్టడానికి నేను పడ్డది మీకు తెలవదు.”

ఏం పడిందో హెడ్మాస్టరుగారు తర్వాత చెప్పారు. ఆవిడని వంటకి పెట్టిన కొత్తలో ఊరివైపు పిల్లలు సగంమంది ఇళ్ళ నుంచి డబ్బాలు తెచ్చుకుని వరండాలో కూర్చునేవారట. పేట మనిషి వండిన అన్నం ఇళ్ళల్లో వద్దన్నారు. ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు. పప్పుచారులో ఇంగువ వేసి, తాలింపు పెట్టే వేళకి వంటపాక తలుపు బార్లా తెరిచేది. వరండా గాలివాటంగా ఉంటుంది. ఒక్కొక్క డబ్బా తగ్గుతూ వచ్చింది. ఒక పిల్ల ఇంట్లో చెప్పకుండా తిని, డబ్బాలో అన్నం కుక్కకి పెట్టి దొరికిపోయిందట. ఆ పిల్ల తల్లి బడికి తగువుకొచ్చి, “ఏం మందెట్టేవే మా పిల్లకి?” అంటే, “ఇంగువేనమ్మా, మీకూ కావాలా?” అందట ఈవిడ. ఆ ఏడాదికి వరండాలో రెండు మూడు డబ్బాలే మిగిలాయి. వాటిని కూడా లోపలికి తేవాలని ఆవిడ పంతం. జీతమని చెప్పదగ్గది ఏమీ లేదు ఆ పనికి. ఆవిడ దాచుకున్నదంతా ఆ తగ్గిన డబ్బాల్లోనే ఉంది.

ఈస్టరు వెళ్ళిన సోమవారం బడి తెరిచేసరికి డబ్బాలన్నీ తిరిగి వచ్చేశాయి. మజ్జిగ తాగి మంచాన పడింది పేట పిల్లలు. డబ్బాలు పట్టుకొచ్చింది ఆ మజ్జిగ చుక్క కూడా ముట్టని ఊరిపిల్లలు. వెంటే ఊరి పెద్దలు నలుగురొచ్చి హెడ్మాస్టరుగారి గదిలో కూర్చున్నారు.

“నాకేం లేదండీ ఆవిడంటే,” అన్నారు హెడ్మాస్టరుగారు నాతో, చాక్‌పీసుని వేళ్ళ మధ్య తిప్పుతూ. “మా ఇంట్లో కన్నా బాగా వండుతుందండీ. కానీ వాళ్ళొచ్చి కూచున్నారు కదండీ. మీరొక్క ముక్క రాసిస్తే, తప్పు ఐసుదీ, ఆవిడది కాదూ అని, ఆ ముక్క పట్టుకుని నేను నిలబడతానండీ.”

కాబట్టి నేను చేయాల్సిన పని స్పష్టంగానే ఉంది. ఐసు చెడ్డదని ఎవరో ఒకరి చేత అనిపించాలి. అంటే ఆవిడ చెయ్యి మంచిదని అన్నట్టే.

నా సీసా లాబుకి చేరేసరికి మంచు కరిగింది. “మీరు ఐసు అన్నారు, వచ్చింది నీళ్ళండీ,” అన్నారు వాళ్ళు ఫోనులో. ఆనాటి కల్తీ చట్టం ప్రకారం ఆహారం అంటే తినేదీ తాగేదీ ఏదైనా కావచ్చు, మందులూ నీళ్ళూ తప్ప. ఐసు గడ్డకట్టిన నీళ్ళు. కాబట్టి అది ఆహారం కాదు, కాబట్టి కల్తీ కాదు, కాబట్టి నాకు పని లేదు. ఎంత చక్కని తర్కమంటే, మెచ్చుకోబుద్ధేసింది. సరే, నీళ్ళు చూసే శాఖ ఉంది కదా అని అక్కడికి వెళ్ళాను. “మా పంపులో వచ్చిన నీళ్ళయితే చూస్తామండీ. ఇది గడ్డకట్టింది కదా,” అన్నారు. ఒకరికి అది గడ్డకట్టినా నీళ్ళే, ఇంకొకరికి కరిగినా గడ్డే.

చివరికి కైకలూరు వెళ్ళాను. కొల్లేటి మీది రోడ్డు దాటితే అప్పట్లో అది కృష్ణా జిల్లా. ఆ సంగతి నాకు తెలుసు. ఫ్యాక్టరీ యజమానికి ఇంకా బాగా తెలుసు.

“రండి రండి. మీది పశ్చిమగోదావరి కదండీ?”

“అవునండీ.”

“అయితే కాఫీ తాగి వెళ్ళండి.”

తాగాను. బాగుంది కూడా. దిమ్మలు దింపే చోట నీళ్ళు పచ్చగా నిలిచి ఉన్నాయి. అటు చూస్తున్నానని గ్రహించి ఆయన, “తాగే ఐసని మేమెక్కడైనా బోర్డెట్టేమాండీ? తమరే చెప్పండి. చేపకి ఏసుకోమని ఇత్తాం. చేప ఎప్పుడన్నా కంప్లయింటిచ్చిందా?” అన్నాడు. మనిషిలో కల్మషం లేదు. ఆయన నీళ్ళ గురించి ఆ మాట అనలేను.

ఇంక మిగిలింది సమన్వయ సంఘం. ఇలాంటి వాటికోసమే కదా అది పుట్టింది అనుకుని, కన్వీనరుని కాబట్టి నేనే సమావేశం పెట్టించాను. కలెక్టరాఫీసులో పొడుగు బల్ల చుట్టూ అందరూ వచ్చారు. పెద్ద అధికారి అధ్యక్షత. నేను లేచి చర్చి, మజ్జిగ, లారీ, ఐసు, పొలుసు, అన్నీ వరసగా చెప్పాను.

మత్స్యశాఖాయన ముందు మాట్లాడారు. “చేపకేమన్నా అయిందాండీ?”

“చేపకేం కాలేదండీ. మనుషులకైంది.”

“మరింకేం. చేప బాగున్నంతవరకూ మాకు అభ్యంతరం లేదు.”

పరిశ్రమల ఆయన, ఫ్యాక్టరీ పక్క జిల్లాలో ఉందన్నారు. పంచాయతీ ఆయన, లారీ ఊళ్ళో ఆగింది కాసేపే అన్నారు. నీళ్ళ శాఖాయన, బోరింగు తమదే కానీ అందులోంచి ఐసు రాదన్నారు. వైద్యశాఖాయన అలసటగా, “వచ్చినవాళ్ళకి వైద్యం చేశాం, పంపించాం,” అన్నారు. ఆ బల్ల దగ్గర ఏదైనా చేశామని చెప్పగలిగింది ఆయనొక్కరే. నీళ్ళు ఆహారం కాదని చట్టం అంటుంది గానీ, ఆ మధ్యాహ్నం అందరూ నమిలింది నీళ్ళే.

అంతలో అటెండరు ట్రేలో మజ్జిగ గ్లాసులు తెచ్చాడు. ఎండాకాలం కదా. ఒక్కో గ్లాసులో ఐసుముక్క తేలుతోంది. పెద్ద అధికారి గ్లాసు వంక చూసి, “ఈ ఐసు ఎక్కడిదయ్యా?” అన్నారు.

“మార్కెట్టు పక్క నుంచేనండీ,” అన్నాడు అటెండరు.

“ఏ మార్కెట్టు?”

“చేపల మార్కెట్టండీ.”

ఆయన గ్లాసుని మెల్లిగా పక్కకు జరిపారు. అందరూ జరిపారు. ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. నా ఉపన్యాసం చేయలేని పని ఈ ట్రే చేసిందనుకున్నాను. “వీటిని తీసేసి కూల్‌డ్రింకులు చెప్పు,” అన్నారు ఆయన. కూల్‌డ్రింకులు వచ్చాయి. ఆ గదికి సంబంధించినంతవరకూ ఐసు సమస్య అక్కడితో తీరింది.

“సరే, మరి పైకి ఏదో ఒక యాక్షన్ రాయాలి కదండీ,” అన్నారు పెద్ద అధికారి. “ఎవరి చేతిలో ఏముంది?”

విద్యాశాఖాయన గొంతు సవరించుకున్నారు. “ఆ మజ్జిగ చేసినావిడ మా మధ్యాహ్న భోజనం వంటమనిషేనండీ. ఊళ్ళోంచి కూడా అడుగుతున్నారు. మార్చడం మా చేతిలో పనే.”

ఆ మాటతో గదిలోకి గాలి వచ్చినట్టయింది. మత్స్యశాఖాయన తలూపారు. పంచాయతీ ఆయన, తమ వైపు నుంచి కూడా సహకారం ఉంటుందన్నారు. వైద్యశాఖాయన, వంటమనుషులకి ఆరోగ్య పరీక్షలు ఉండాలన్నారు. ఫ్యాక్టరీ ఒక జిల్లాలో, లారీ ఇంకో జిల్లాలో, ఐసు ఏ చట్టంలోనూ లేదు. అందరి అధికారాలూ వచ్చి కలిసిన ఒకే ఒక్క చోటు ఆవిడ.

నేను లేచాను. “సార్, ఆ మజ్జిగ బళ్ళో చేసింది కాదండీ. ఆ రోజు బడే లేదు.”

“అందుకేనండీ, ముందుజాగ్రత్త.”

“ఐసు సంగతండీ?”

“వచ్చే సమావేశంలో పెట్టండి. పక్క జిల్లా వాళ్ళని కూడా పిలుద్దాం.” ఆయన కోపంగా అనలేదు. మా జిల్లాలో కోపంగా ఎవరూ ఏమీ అనరు. “మీరు బాగా శ్రమపడ్డారండీ,” అని కూడా అన్నారు.

లేచి మాట్లాడానని ఇప్పుడు చెప్పుకోవడానికి తప్ప, ఆ లేవడం దేనికీ పనికిరాలేదు. భోజనాలయ్యాక అధికారులంతా వాష్‌బేసిన్ దగ్గర వరసగా నిలబడి చేతులు కడుక్కున్నారు. సబ్బు అరగదీసి, గోళ్ళ సందులు కూడా. నా వంతు వచ్చేసరికి పంపులో నీళ్ళు అయిపోయాయి. నేను రుమాలుతో తుడుచుకుని వచ్చేశాను.

మర్నాడు ఆ ఊరు వెళ్ళాను. ఆర్డరు నాకన్నా ముందే వెళ్ళింది. మా శాఖల చరిత్రలో అంత తొందరగా నడిచిన కాగితాన్ని నేను చూడలేదు. ఆవిడ వంటపాకలోంచి తన సొంత గరిటె, ఇంగువ డబ్బా తీసుకుని బయటికి వస్తోంది. పాస్టరుగారు తోడుగా వచ్చి ఉన్నారు.

“చెప్పేరాండీ సారూ?”

“చెప్పానమ్మా.”

“ఏమన్నారండీ?”

“ఐసు సంగతి వచ్చే సమావేశంలో చూస్తామన్నారు.”

“ఎప్పుడండీ అది?”

ఆవిడ నన్ను తిడితే బాగుండునని నిలబడ్డాను. ఆ ప్రాంతపు మర్యాద ఎంత చెడ్డదంటే, తిట్టాల్సిన చోట కూడా అండీ అనే అంటారు. “ఎండన పడి వచ్చేరు, కాసిని మంచినీళ్ళు తాగండి,” అంది. చెంబు అందించబోయి ఆగింది. ఆ చెంబు పాస్టరుగారి చేత ఇప్పించింది. అంతకుముందు ఎన్నడూ ఆవిడ అలా ఆగి ఉండదు.

ఆ వచ్చే సమావేశం వచ్చింది. పక్క జిల్లా వాళ్ళు రాలేదు. ఐసు ఎజెండాలో చివర ఉంది. బిస్కట్లయ్యేసరికి కరిగిపోయింది.

వానాకాలంలో, నూనె శాంపిల్ తీయడానికి మళ్ళీ ఆ బడికి వెళ్ళాను. నూనె ఆహారమే కాబట్టి అది నా పరిధే. కొత్త వంటావిడ ఊరివైపు మనిషి. మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలంతా పళ్ళేలు పట్టుకుని లోపల వరసలో కూర్చున్నారు. వరండా ఖాళీగా ఉంది.

“ఒక్క డబ్బా లేదండీ ఇప్పుడు,” అన్నారు హెడ్మాస్టరుగారు. సంతోషంగా అనబోయి, సగంలో నా ముఖం చూసి, కిటికీ వైపు తిరిగారు.

నాకూ ఒక పళ్ళెం పెట్టారు. పప్పుచారు బాగానే ఉంది. అది బాగుండకపోతే బాగుండునని తిన్నాను.

ఆ తర్వాతి గుడ్ ఫ్రైడేకి కూడా చర్చికి ఐసు దిమ్మలు వచ్చాయని పాస్టరుగారే చెప్పారు. వద్దంటే షావుకారు నొచ్చుకుంటారని దించుకున్నారట. మజ్జిగ వేరే ఆవిడ చేసింది. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు. “చూసేరాండీ, ఐసులో ఏం లేదు,” అన్నారు ఆయన. ఊళ్ళోనూ అదే అనుకున్నారట. ఐసు అదే, చెయ్యి మారింది, జనం బాగున్నారు. ఇంకేం రుజువు కావాలి? నేను ఏ లాబు నుంచీ తేలేకపోయిన రిపోర్టు వాళ్ళకి అలా దొరికింది.

ఆవిణ్ణి ఆ తర్వాత ఒక్కసారే చూశాను. ఏలూరు పాత బస్టాండు దగ్గర సాయంత్రం పూట, రొయ్యల కంపెనీ వ్యాను ఆడవాళ్ళని దింపుతోంది. ఆవిడే గుర్తుపట్టి పలకరించింది. వేళ్ళ చివర్లు తెల్లగా నాని ముడతలు పడి ఉన్నాయి. రోజంతా ఐసులో రొయ్యలు ఒలిచే పని.

“ఎలా ఉందమ్మా అక్కడ?”

“బాగానే ఉందండీ. తలకి టోపీ, చేతులకి తొడుగులు ఇత్తారండీ. లోపలికెళ్ళే ముందు మందునీళ్ళలో కాళ్ళు ముంచాలండీ.”

“ఐసు?”

ఆవిడ నవ్వింది. నేను ఆ ప్రశ్న అడక్కుండా ఉండలేనని ఆవిడకి తెలుసు.

“అది మంచి ఐసండీ. తాగే నీళ్ళతోనే పోత్తారంట. రోజూ పరీచ్చ చేత్తారండీ. ఐసుకి చేత్తారు, నీళ్ళకి చేత్తారు, బల్లలకి చేత్తారు. బయటి దేశాలోళ్ళు తింటారు కదండీ.”

ఐసు ఏ శాఖదని అక్కడ ఎవరూ తన్నుకోలేదన్నమాట. కొనేవాడు గట్టివాడైతే నీళ్ళు కూడా ఆహారమే.

ఆవిడ బస్సు వచ్చే వైపు చూసింది. తర్వాత తనకి తానే చెప్పుకుంటున్నట్టు అంది. “మా చేతులు కూడా పరీచ్చ చేసేరండీ. దూదితో తుడిచి సీసాలో ఏసుకెళ్ళేరు. మీరు పట్టదన్నారు గానీ, పట్టిందండీ.”

“ఏమన్నారమ్మా?”

“మంచివేనన్నారండీ.” చేతులు ముందుకు చాపి, వాటిని ఒకసారి తిప్పి చూసుకుంది. “ఆ పరీచ్చ మన బడికి చెల్లుద్దాండీ?”

నా ఉద్యోగం మొత్తంలో ఏ లాబునీ అడగకుండా, ఏ శాఖకీ ఫోను చేయకుండా, అక్కడికక్కడ నిలబడి చెప్పగలిగిన తీర్పు అదొక్కటే.

“చెల్లదమ్మా,” అన్నాను.

“ఆయ్, తెలుసండీ. ఊరికే అడిగేను,” అని ఆవిడ బస్సెక్కింది.